పరుగూ, బరువూ, బేస్ ప్లేట్ నాయక్

యూనిట్ పేరు, అసలు తేదీలు బయట రాయకూడదు. అందువల్ల నేను అండమాన్‌లో దిగిన రోజును ఒకటో రోజుగా లెక్కించి రాస్తున్నాను. వివరాలన్నీ నా నోటుబుక్కులో ఉన్నవే.

ఒకటో రోజు. ఉదయం 7:10కి పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగాను. వాన. విమానాశ్రయం లంబాలైన్ వైపు గేటు దగ్గర ట్రక్కు ఉండాలని ఆర్డరు. లేదు. రెండు గంటల నలభై నిమిషాలు సామాను మీద కూర్చున్నాను.

నాలుగో రోజు. బరువుల గదికి తాళం. తాళంచెవి ఎక్కడుందో తెలియదని స్టోరు గుమాస్తా చెప్పాడు. అది అతని బెల్టుకే వేలాడుతోంది.

పదకొండో రోజు. ఆర్డరు వచ్చింది. ఉదయం పరుగు, సాయంత్రం పరుగు, వారానికి ఆరు రోజులు. బరువులెత్తడం పూర్తిగా నిషేధం. కారణం రాయలేదు.

పంతొమ్మిదో రోజు. బరువులు మళ్లీ అనుమతించమని నా మొదటి అర్జీ. జవాబు లేదు.

ముప్పై ఏడో రోజు. రెండో అర్జీ. జవాబు లేదు. కంపెనీ కమాండర్ ‘చదివారట’ అని వైర్‌లెస్ ఆపరేటర్ ద్వారా తెలిసింది. చదవడం జవాబు కాదు.

డెబ్బై రెండో రోజు. మూడో అర్జీ, కొలతల పట్టికతో సహా. జవాబు కాగితం మీద రాలేదు. నన్ను గదిలోకి పిలిచారు.

అప్పటికి నేను సుబేదార్‌ని. కంపెనీలో శిక్షణ బాధ్యత నాది. సైన్యంలో అదే నా చివరి పోస్టింగు. అండమాన్ అనగానే మా ఊరివాళ్లు బీచి, నీలం నీళ్లు, పడవ షికారు అనుకుంటారు. అవి ఉన్నాయి. కానీ మా క్యాంపు వండూర్ రోడ్డు నుంచి లోపలికి, ఒక కొండ మొదట్లో ఉండేది. ఎర్ర మట్టి. పోక తోటలు. తోటల తర్వాత అడవి, అడవిలో జలగలు. బీచి మీద ఒక హద్దు దాటి పరుగెత్తకూడదు, వాగు సముద్రంలో కలిసే చోట మొసళ్లుంటాయి. నాలుగున్నరకే తెల్లవారడం మొదలవుతుంది. సాయంత్రం అయిదున్నరకు చీకటి. ఉతికిన బనియను మూడు రోజులైనా ఆరదు. పెట్టెలో పెట్టిన బెల్టుకు బూజు పడుతుంది. ఆ గాలిలో రెండు పూటలా పరుగెత్తడం అంటే తడి దుప్పటి కప్పుకుని పరుగెత్తడమే.

ఈ కథ మొత్తం ఒక మనిషి చుట్టూ తిరుగుతుంది. అతణ్ణి బేస్ ప్లేట్ నాయక్ అంటాను; నాయక్ అతని హోదా, హవల్దార్‌కు ఒక మెట్టు కింద. మోర్టారు ఫిరంగిని మూడు ముక్కలుగా విడదీసి ముగ్గురు మోస్తారు. గొట్టం ఒకరిది, కాళ్లు ఒకరివి, నేలమీద ఆనించే ఇనుప పలక ఒకరిది. ఆ పలకే బేస్ ప్లేట్. పలక, సంచి, రైఫిలు, నీళ్లు కలిపితే ముప్పై కిలోలకు దగ్గర. నాయక్ ఇచ్ఛాపురం పక్క ఊరివాడు. ముప్పై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, వెడల్పయిన భుజాలు. పదకొండేళ్లుగా ఆ పలక అతనిదే.

హవల్దార్ ప్రమోషను కోర్సుకు ఎంపిక కావాలంటే రెండు పరీక్షలు, వరుసగా రెండు రోజులు. మొదటి రోజు పూర్తి సామానుతో అయిదు కిలోమీటర్ల పరుగు, ఇరవై ఏడు నిమిషాల్లో. రెండో రోజు తన ఆయుధ భాగంతో కొండ ఎక్కడం, నలభై నిమిషాల్లో. నాయక్ రెండుసార్లు పరుగులో తప్పాడు. ఒకసారి 28:05. ఇంకోసారి 27:31. మూడో అవకాశమే చివరిది. అదీ తప్పితే కొన్ని నెలల్లో నాయక్‌గానే ఇంటికి.

ఆర్డరు వచ్చాక దాదాపు తొమ్మిది వారాలు అందరితో పాటు అతనూ రెండు పూటలా పరుగెత్తాడు. పరుగు మెరుగైంది. కాదనను. కానీ ఎనిమిదో రోజున పలకను తలపైకి పద్నాలుగు సార్లు ఎత్తినవాడు డెబ్బయ్యో రోజున తొమ్మిది సార్లే ఎత్తాడు. మిగతావాళ్లదీ అదే వరస.

నేను ప్రతి శనివారం ఉదయం 6:30కి ఇరవై రెండు మందిని కొలిచేవాణ్ణి. పైచేయి, ఛాతీ, నడుము, తొడ, మణికట్టు. టేపు నా సొంతం, విశాఖలో కొత్తగా కొన్న గుడ్డ టేపు. అక్కడి చెమ్మకు అది ముడతపడి చుట్టుకుపోయేది. కొలత తప్పకూడదని దాన్ని నా మంచం పైన మేకుకు వేలాడదీసి, కింది చివర నా ట్రంకు పెట్టె తాళం కట్టాను. టేపు తిన్నగా నిలిచింది. వారం వారం కొలతలు తగ్గుతూ వచ్చాయి. నాయక్ పైచేయి పద్నాలుగు అంగుళాల నుంచి పదమూడు ముప్పావుకు దిగింది. మూడో అర్జీకి ఆ పట్టికనే జతపరిచాను.

కంపెనీ కమాండర్ మేజర్ సాబ్. వయసులో నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఆయన మాట హిందీలో. తెలుగులో ఇంత:

"సుబేదార్ సాబ్, పరుగులో ఇద్దరు ఫెయిలయ్యారు. ఎత్తడంలో ఎవరూ ఫెయిలవ్వలేదు. నేను దేన్ని సరిచేయాలి?"

"ఇంకా ఎవరూ ఫెయిలవ్వలేదు, సాబ్."

ఆయన పట్టికను రెండుసార్లు చూశారు. నడుము వరుస దగ్గర వేలు పెట్టి, నడుములు తగ్గుతున్నాయి కదా, అది మంచిదే కదా అన్నారు. చేతులు కూడా తగ్గుతున్నాయి, అది మంచిది కాదు అన్నాను. చివరికి ఆరు వారాలు, నలుగురు మనుషులు ఇచ్చారు. నాయక్ అందులో ఒకడు. అనుమతి కాగితం మీద ఇమ్మని అడిగాను. ముందు పని చూపించండి అన్నారు. ఆ మాటను కూడా సమయంతో సహా రాసుకున్నాను. ఉదయం 11:20.

ఇక్కడ మా పార్కులో నడిచే మిత్రులు నన్ను తరచూ అడుగుతారు, నడిస్తే, పరుగెత్తితే కండ పోతుందా అని. పరుగు వల్ల పోదు. పరుగు ఒక్కటే చేస్తే, తిండి చాలకపోతే, విశ్రాంతి లేకపోతే పోతుంది. ఆ నలుగురికి నేను పెట్టిన క్రమం చెబుతాను.

సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం 5:15కి బరువులు. నలభై అయిదు నిమిషాలు. ఎక్కువ బరువు, తక్కువ సార్లు. గది తాళం అప్పటికీ తీయలేదు. ఖాళీ మందుగుండు పెట్టెల్లో ఇసుక నింపాం, ఇరవై లీటర్ల నీటి డబ్బాలు ఎత్తాం. సోమ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగింటికి తేలిక పరుగు, ఇరవై నిమిషాలు మించకుండా. ఒకే రోజు రెండూ ఉంటే బరువు ముందు, పరుగు తర్వాత, మధ్యలో ఎన్ని గంటలు దొరికితే అంత మంచిది. అలసిన కాళ్లతో ఎత్తేవాడు తక్కువ ఎత్తుతాడు. తక్కువ ఎత్తుతూ పోతే ఇంత కండ దేనికని ఒళ్లే దాన్ని వదులుకుంటుంది. మంగళవారం వేగం: రెండు నిమిషాలు గట్టిగా పరుగు, రెండు నిమిషాలు నడక, ఆరుసార్లు. శనివారం కొలతల తర్వాత ఒక్కటే పొడవైన పరుగు, ఎనిమిది కిలోమీటర్లు, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో. గురువారం, ఆదివారం ఏమీ లేదు. వారానికి పన్నెండు పరుగులు నాలుగయ్యాయి.

తిండి వేరే పోరాటం. పరుగు ఏడింటికి ముగిస్తే మా వంటశాల లంగర్‌లో పళ్లెం ఎనిమిదిన్నరకు వచ్చేది. గంటన్నర ఖాళీ కడుపు. దాన్ని పావుగంటకు తగ్గించాను. బరువులకు ముందు అరటిపండు, గుప్పెడు ఉడికించిన శనగలు. తర్వాత అన్నం, పప్పు, నాలుగు గుడ్లు. గుడ్లు ఓడలో రావాలి. రెండో వారంలో ఓడ ఆలస్యమైంది. వంటవాడు ద్వీపంలోనే పుట్టిన తెలుగువాడు. గుడ్లేవని నేను గట్టిగా అడిగితే గరిటె తిప్పడం ఆపకుండానే అన్నాడు:

"ఓడ రాకపోతే గుడ్లు ఎవులు పెడతారు సాబ్, నాను పెడతానా?"

అతనే మర్నాడు జెట్టీకి వెళ్లి, మన తీరం నుంచి వచ్చి స్థిరపడిన జాలరుల దగ్గర చేపలు తెచ్చాడు. మూడు పూటలా చేపే. నలుగురూ మొహం మొత్తిందన్నారు. తిన్నారు.

మూడో వారానికి నాయక్ చేతుల్లో పలక పన్నెండుసార్లు లేచింది. పరుగు సమయమూ తగ్గుతోంది. ఇద్దరం సంతోషించాం. కానీ శనివారం టేపు వేరే మాట చెప్పింది. పైచేయి పదమూడున్నర. తొడ ఇరవై రెండు నుంచి ఇరవై ఒకటింపావు. నా పద్ధతిలోనూ కండ కరుగుతోంది. బలం పెరుగుతూ కండ ఎలా తగ్గుతుంది? నాకు అర్థం కాలేదు. ఉన్న బలం ఇదే ఆఖరు, వెనకే పడిపోతుంది అనిపించింది.

నోటుబుక్కు నాయక్‌కు చూపించకుండా ఉండవలసింది. చూపించాను. రికార్డు దాచడం నా అలవాటు కాదు. అతను అంకెల మీద వేలు నడిపించాడు. తన పైచేతిని ఇంకో చేత్తో పట్టి చూసుకున్నాడు.

"పరుగు మానీస్తాను సాబ్. కండ పోతే పలక మొయ్యనేను. పలక మొయ్యనేకపోతే నానెవుణ్ణి?"

పరుగు మానితే మొదటి రోజే పరీక్ష పోతుందని చెప్పాను. పోతే పోనీ అన్నాడు. పదకొండేళ్లు మోసిన పలకను మోయలేక దించడం కంటే పరుగులో తప్పడం నయమట. నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు, పట్టిక మీద. ఆ రోజు నా పుస్తకంలో రాసుకున్న వాక్యం ఇది: ‘సోమవారం నుంచి నాయక్ పరుగు ఆపించాలా? ఆదివారం నిర్ణయించాలి.’

ఆదివారం అతణ్ణి వెంటబెట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్ వెళ్లాను. ఎంపికకు కొత్త యూనిఫారం కుట్టించాలి. పరీక్ష తప్పినా చొక్కా పనికొస్తుంది. అక్కడ రెండు మిషన్లున్న చిన్న దుకాణం. కుట్టేది ద్వీపంలో పుట్టిన తెలుగు ఆవిడ. వాళ్ల తాతలది శ్రీకాకుళం తీరం. నాకంటే చాలా చిన్నది, అయినా అందరితో పాటు నేనూ దీదీ అనేవాణ్ణి. ఆవిడ తెలుగు మాట్లాడుతుంది, చదవడం అంతగా రాదు. అందుకని నా కొలతలు పైకి చదివాను. ఆవిడ తన పుస్తకం తీసింది. మేము వచ్చిన కొత్తలో నాయక్‌కు ఆవిడే చొక్కా కుట్టింది.

చేతి కఫ్ దగ్గరికి వచ్చేసరికి ఆపమంది. తన పుస్తకంలో మణికట్టు ఏడు. నా పుస్తకంలో ఆరూ ముప్పావు.

"భయ్యా, చెయ్యి తగ్గింది అన్నారు, ఠీక్ హై. తొడ తగ్గింది, ఠీక్ హై. మణికట్టు ఎలా తగ్గింది? పరిగెడితే హడ్డీ కూడా కరిగిపోద్దేటి?"

మణికట్టులో ఉన్నది ఎముకే, కండ కాదు. టేపు చూపించమంది. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆవిడ బల్ల మీద మూడడుగుల ఇనుప కొలబద్ద ఉంది. టేపును దాని మీద పరిచింది. కొలబద్ద ముప్పై ఆరు దగ్గర ముగిసింది. అక్కడ నా టేపు ముప్పై నాలుగూ ముప్పావు చూపిస్తోంది.

ఈ టేపుని ఏం చేశారు అని అడిగింది. మేకు సంగతి, తాళం సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. చెమ్మలో గుడ్డకు బరువు కడితే సాగుతుంది, సాగిన టేపుతో కొలిస్తే ఎవరైనా చిక్కినట్టే కనిపిస్తారు అని, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పింది. తర్వాత తన టేపుతో నాయక్‌ను మళ్లీ కొలిచింది. పైచేయి పద్నాలుగు. తొడ ఇరవై రెండు. ఛాతీ మాత్రం పావు అంగుళం ఎక్కువ.

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. దాదాపు పద్నాలుగు వారాల తర్వాత మొదటిసారి భుజాలు కిందికి దిగినట్టనిపించింది. తప్పు నాది. ఆ తప్పుకు అంత సంతోషించడం నా జీవితంలో అదొక్కసారే.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయక్ రెండు కొబ్బరిబొండాలు కొన్నాడు. ఒకటి నాకిచ్చి అన్నాడు:

"మీ టేపు నన్ను సగం సంపీసినాది సాబ్. సోమారం పరుగెన్నింటికి?"

నాలుగింటికి అని చెప్పాను.

మరుసటి ఉదయం 9:00కి సవరణ లేఖ రాశాను. మూడో అర్జీకి జతపరిచిన కొలతల పట్టిక చెల్లదు. టేపు సాగింది. సాగదీసింది నేనే. ఏ వారంలో ఎంత సాగిందో తెలియదు గనుక ఆ అంకెల్లో ఒక్కటీ ఆధారం కాదు. అయితే ఎత్తిన బరువుల పట్టికను టేపుతో తయారు చేయలేదు. పద్నాలుగు నుంచి తొమ్మిదికి పడిన లెక్క నిలుస్తుంది. అర్జీ నిలుస్తుంది.

లేఖను నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మేజర్ సాబ్ నిదానంగా చదివారు.

"నడుములు కూడానా?" అని అడిగారు.

"నడుములు కూడా, సాబ్."

పరుగు ఆర్డరు వల్ల కంపెనీ నడుములు తగ్గాయని ఆయన అప్పటికే పైకి రిపోర్టు పంపారు. నా పట్టిక ఆధారంగానే. ఆ రోజు మేమిద్దరం ఒకే టేపు చేతిలో మోసపోయిన మనుషులం. మొట్టమొదటిసారి ఆయన నాకు టీ ఇప్పించారు. జవాబు మాత్రం ఇవ్వలేదు.

నూట పద్దెనిమిదో రోజు, ఉదయం 6:00. వండూర్ రోడ్డు మీద పరుగు. మబ్బు, గాలి లేదు. నాయక్ మొదటి కిలోమీటరు కావాలనే నెమ్మదిగా తీశాడు, అలా చెప్పింది నేనే. నాలుగో కిలోమీటరు రాయి దగ్గర నా వాచీలో 21:04. గీత దాటేసరికి 26:14. నర్సింగ్ అసిస్టెంట్ అతని నాడి చూసి, బాగానే ఉన్నాడని బొటనవేలు చూపించాడు. ఎవరూ సంబరం చేసుకోలేదు. నా భయమంతా మర్నాటిది. పరుగెత్తిన కాళ్లతో, ఇరవై నాలుగు గంటలు గడిచీ గడవకముందే, పలక.

నూట పంతొమ్మిదో రోజు. నాలుగింటి నుంచి వాన. కొండ దారి ఎర్ర బురద. 6:30కి మొదలు. నేను పైన, సమయం రాసే పనిలో. కింద వైర్‌లెస్ ఆపరేటర్. మధ్యలో నర్సింగ్ అసిస్టెంట్, చేతిలో వైర్‌లెస్ సెట్టు, జలగల కోసం ఉప్పు. సెట్టులో నా పిలుపు పేరు ‘కొండ’; మా మాటలు కూడా రాసుకున్నాను.

"కొండకు కింద నుంచి. పలక బయల్దేరింది. ఓవర్."

పద్దెనిమిది నిమిషాలు ఏమీ లేదు. వాన చప్పుడు.

"కొండకు మధ్య నుంచి. పలక దాటింది. నన్ను చూసి నవ్వాడు. ఓవర్."

"నవ్వాడా, మూలిగాడా? ఓవర్."

"నవ్వాడు సాబ్. ఓవర్."

తర్వాత అతనెక్కడా కనిపించలేదు. ముప్పై రెండు నిమిషాలు. ముప్పై అయిదు. వెదురు పొదల వెనక బురదలో బూటు లాగిన చప్పుడు వినిపించింది. ముందు పలక అంచు కనిపించింది. తర్వాత టోపీ. 37:20కి గీత మీద నిలిచాడు. సెట్టులో నేను చెప్పింది నాలుగే మాటలు. పలక పైకొచ్చింది. మనిషి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం బేస్ ప్లేట్‌ను తలపైకి ఎత్తించాను. పరీక్షలో భాగం కాదు, నా పుస్తకం కోసం. పదిహేనుసార్లు. నాయక్ ‘రాసుకోండి సాబ్’ అని పలక దించి, అన్నం తినడానికి వెళ్లిపోయాడు.

అతను హవల్దార్ అయ్యాడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు పరుగులో మొదటి అయిదుగురిలో ఉన్నారు. ఒకడికి మోకాలు వాచింది, అదీ పుస్తకంలో ఉంది. బరువుల గది తాళం నూట ముప్పయ్యో రోజున తీశారు. ఆర్డరు లేకుండా, నోటిమాటగా.

నాలుగు వందల రెండో రోజు ఉదయం ఓడ ఎక్కాను. సముద్రం ప్రశాంతంగా ఉంది. మూడో రోజు విశాఖ కొండ కనిపించింది. నెల తిరక్కుండా పదవీ విరమణ. ఇప్పుడు రోజూ పొద్దున ఇంట్లో బరువులెత్తుతాను, సాయంత్రం పార్కులో నడుస్తాను. పైచేయి పదమూడు అంగుళాలు, స్టీలు టేపుతో.

పుస్తకంలో రాయనిది ఒకటుంది. దాన్ని ఏ వరుసలో రాయాలో తెలియలేదు. ఆ రోజు కొండ మీద గీత దాటాక నాయక్ పలక దించడానికి వంగాడు. వంగి ఆగిపోయాడు. వీపు మీద ముప్పై కిలోలు. వానలో అతని చొక్కా నుంచి ఆవిరి లేస్తోంది. పలక ఆనవలసిన చోట ఒక చిన్న పీత పోతోంది, గవ్వ లాంటి గుల్లను మోసుకుంటూ. పక్కకు జరిగి దించవచ్చు. లేదా కాలితో తోసేయవచ్చు. అతను అలాగే, మోకాళ్లు సగం వంచి, అది పోయేదాకా ఆగాడు. ఆ పీతకు తొందర లేదు. కళ్లు మూసుకుంటే నాకు అండమాన్ అంటే ఇదే.

అందువల్ల, నా పూర్వ యూనిట్ శిక్షణ విభాగానికి ఈ విన్నపం. కొత్తగా వచ్చిన అధికారులు బరువుల గదికి మళ్లీ తాళం వేశారని, రెండు పూటలా పరుగు ఆర్డరు మళ్లీ అమల్లోకి వచ్చిందని ఆ హవల్దార్ ఫోనులో చెప్పాడు. ఇప్పుడు పలక మోసేవాడు మరొకడు. అతనికీ మూడో అవకాశమే మిగిలిందట. నోటిమాటగా తీసిన తాళం నోటిమాటగానే పడుతుంది. కనుక నేను అడుగుతున్నవి మూడు. నా మూడు అర్జీలు, ఒక సవరణ లేఖ ఫైలులో ఉన్నాయా లేవా? బరువు ముందు, పరుగు తర్వాత అన్న క్రమాన్ని శాశ్వత ఆర్డరులో చేరుస్తారా? చేర్చకపోతే కారణమేమిటి? ఈ ప్రశ్నలకు ముప్పై రోజుల్లోగా, సంతకంతో, ముద్రతో, లిఖితపూర్వకమైన జవాబు కోరుతున్నాను. నేను మళ్లీ పొరపడ్డానని అందులో రుజువు చేసినా సంతోషంగా స్వీకరిస్తాను. ఫోను చేయవద్దు.